ఆవిడ దాచుకున్నది

జీతం అందిన రోజు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ మేస్త్రి నాలుకతో పై వరసలోని ఖాళీని తడుముకునేవాడు. "ఊడిన పన్ను ఒకటి, పీకిన పన్ను ఒకటి" అనేవాడు. పింఛనుకని, వైద్యానికని జీతంలోంచి తప్పనిసరిగా కోసుకునే సొమ్ము ఆయన దృష్టిలో పన్నే.

అదే ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే భార్య ఒప్పుకునేది కాదు. "పన్నైతే పోయినట్టే. ఇది నేను దాచుకున్నది. పని మానేశాక కాళ్లు బారజాపుకుని తింటా. నీకు ఒక్క ముద్ద పెట్టను!"

"పెట్టకపోతే పీడా పోయె. నమిలే బాధ తప్పుతుంది."

పింఛను వయసు రాకముందే ఆవిడ పోయింది.

కొన్నాళ్లకు మేస్త్రి పింఛను ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆవిడ కట్టింది అందరి డబ్బులో కలిసిపోయింది బాబాయ్. రేపు మీ పింఛను మీకుంటుంది కాబట్టి ఆవిడది మీకు రాదు. ఓ రకంగా పన్ను కట్టిందనుకోండి."

ఇన్నేళ్లూ తను అన్న మాటే అది. అయినా మేస్త్రికి ఒళ్లు మండింది.

"పన్నేంటయ్యా? అది ఆవిడ దాచుకున్నది!"

ఇంట్లో ఎన్నడూ గెలవని వాదం ఇక్కడ గుమాస్తా నోట గెలిచాడు. గెలిచానని చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు.

మర్నాడు పొద్దున ఆయన పనికి పోలేదు. ఆఫీసు తలుపు తీసేసరికి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"నిన్ననే చెప్పాను కదా బాబాయ్, డబ్బు రాదని."

"డబ్బు వద్దు నాయనా. అది ఆవిడదేనని ఒక్క మాట అను, వెళ్లిపోతా."