లిఫ్టు మావయ్య, నాలుగో అంతస్తు

మా వంశంలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పక్కింటివాళ్ళ గుట్టు ఉదయం తెలిస్తే సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్ళాల్సిందే. ఒక్క మా మేనమామ నోట్లోనే ఒక మాట ఏళ్ళకేళ్ళు నానింది. అందుకే ఆయన గురించి రాస్తున్నాను. రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మావయ్య ఊళ్ళో పెద్ద హోటల్లో లిఫ్టు నడిపేవాడు. ఎవరికి దారి చెప్పాలన్నా ఆ హోటలు నుంచి ఎడమకి, ఆ హోటలు నుంచి కుడికి అని చెప్పే రోజులవి. తిరిగే అద్దాల తలుపు, నున్నటి రాతి నేల, హాలు మధ్యలో చెక్కపెట్టె లాంటి లిఫ్టు. దానికి ఇనప జాలీ తలుపు. లోపల ఇత్తడి రేకు మీద ఒక పిడి, అంతస్తుల అంకెలు. ఎవరైనా పైన గంట నొక్కితే ఆ అంకె దగ్గర చిన్న దీపం వెలిగేది. మావయ్య రోజూ పొద్దున్నే ఆ రేకుని మొహం కనబడేంతగా తోమేవాడు. మా అమ్మ వేళాకోళానికి, "మా అన్నయ్యంటే ఏమనుకున్నారు? మంత్రులనీ షావుకార్లనీ రోజూ తన చేత్తో పైకి పంపిస్తాడు!" అనేది. మావయ్య కూడా పడీపడీ నవ్వేవాడు.

నన్నూ అక్కడే పనిలో పెట్టించాడు. నేలకింద గదిలో దుప్పట్లు, గలీబులు లెక్కచూసి, చిరిగినవి కుట్టడం నా పని. కిటికీ లేని గది. హోటల్లో ఎవరు సుఖంగా నిద్రపోయారో, ఎవరు పోలేదో దుప్పటి చూసి చెప్పేదాన్ని. అదో పిచ్చి గొప్ప.

ఆ తర్వాత ఊరు చెడింది. వీధుల్లో లారీలు తగలబడ్డాయి, కొట్లు మూతపడ్డాయి, చీకటి పడకముందే జనం తలుపులు వేసుకునేవారు. హోటల్లో దిగేవాళ్ళు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు. ఒకరోజు యూనిఫాం వాళ్ళు వచ్చి నాలుగో అంతస్తు మొత్తం తమకి కావాలన్నారు. అడగడానికి వచ్చారనుకునేరు, చెప్పడానికి వచ్చారు. కిటికీలకి లోపలినుంచి నల్లరంగు పూశారు. ఆ రోజు నుంచి నాలుగో అంతస్తు దుప్పట్లు నా గదికి రాలేదు. ఎక్కడ ఉతికేవాళ్ళో, అసలు ఉతికేవాళ్ళో లేదో నాకు తెలీదు. నాకు భయం మొదలైంది అక్కడే.

మనుషుల్ని వ్యాన్లలో తెచ్చేవారు. లిఫ్టులో మావయ్యే తీసుకెళ్ళాలి. "వెనక్కి తిరిగావో, నువ్వూ వాళ్ళతోనే" అని చెప్పారు. మావయ్య అంకెల వైపు మొహం పెట్టి నిలబడి, నాలుగులో తలుపు తీసి, వాళ్ళు దిగాక వేసేవాడు. అలా ఎక్కినవాళ్ళలో ఒక్కరైనా మళ్ళీ లిఫ్టులో దిగడం ఆయన చూడలేదు. వెనకవైపు ఇంకో మెట్లదారి ఉంది. దాన్లోంచి దిగేవారని కొందరు, దించేవారని కొందరు చెప్పుకునేవాళ్ళు. అప్పటినుంచి మావయ్య నోట పైకి అనే మాట రాలేదు. "పైకి వెళ్తుందా?" అని ఎవరడిగినా "ఎక్కుతుందండీ" అనేవాడు. మా అమ్మ ఒకసారి అలవాటుగా ఆ పాత వేళాకోళం ఆడబోతే, కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఆ రోజుల్లోనే మా ఊరి బళ్ళో లెక్కల మాస్టారి భార్య హోటలుకి రావడం మొదలుపెట్టింది. ఆయన్ని బళ్ళోనే, పాఠం మధ్యలో పట్టుకుపోయారట. వ్యాను హోటలు వైపు తిరగడం ఎవరో చూశారట. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఒకటే జవాబు: అలాంటి మనిషి ఆ హోటలుకి రాలేదు. ఆవిడ హాల్లో లిఫ్టుకి ఎదురుగా ఉన్న కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక కాఫీ తెప్పించుకునేది కాబట్టి పొమ్మనడానికి మేనేజరుకి నోరు రాలేదు. సంచిలోంచి ఫోటో తీసి అందరికీ చూపించేది. నాకూ చూపించింది. మావయ్యకి చూపిస్తే, "నేను ఎవరి మొహమూ చూడలేదమ్మా" అన్నాడు.

మావయ్య అబద్ధం చెప్పడు. అందుకే నేనూ నమ్మాను.

గొడవలు చల్లారాయి. యూనిఫాం వాళ్ళు వెళ్ళిపోయారు. నాలుగో అంతస్తుకి కొత్త రంగులు, కొత్త తివాచీలు వేశారు. అయినా అక్కడ గది ఇస్తే జనం తెల్లారకుండానే మార్చమనేవారు. చివరికి తాళం వేశారు. ఆవిడ మాత్రం రావడం మానలేదు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, కుర్చీ అదే.

తాళం వేసినా, లిఫ్టులో నాలుగు అంకె దగ్గర దీపం అప్పుడప్పుడు వెలిగేది. వైర్లు ఎలుకలు కొరికాయని కరెంటు పనివాడు రెండుసార్లు మార్చాడు. వెలగడం ఆగలేదు. వెలిగినప్పుడల్లా, లోపల ఎవరున్నా సరే, మావయ్య లిఫ్టుని నాలుగుకి తీసుకెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం నేను దుప్పట్లతో ఉన్నాను. జాలీ తలుపు తీశాడు. ఖాళీ వరండా, మూసిన తలుపులు, కొత్త రంగు కింద ఏదో పాత వాసన. ఒక మనిషి నడిచొచ్చి ఎక్కేంతసేపు ఆగి, పక్కకి జరిగి చోటిచ్చి, తలుపు వేశాడు. కిందికి వచ్చేదాకా నా చుట్టూ చలి. నేను దయ్యాల్ని నమ్మను. కానీ ఆ పూట నా పక్కన చోటు ఖాళీగా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆయన సెలవు పెట్టడం ఎవరూ చూడలేదు. జ్వరమొచ్చినా వెళ్ళేవాడు. నా పెళ్ళికి భోజనాల వేళకి వచ్చి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాకు ఆ కోపం ఉంది. మా అత్తయ్య, "మీరు తాళి కట్టింది నాకా, ఆ పెట్టెకా?" అని అడిగేది. ఆయన చెప్పులు వేసుకునేవాడు.

ప్రభుత్వం మారాక విచారణ అన్నారు. విచారణాధికారి మా హోటలు కిందిహాల్లోనే కూర్చుని వాంగ్మూలాలు తీసుకున్నాడు. మేనేజరుకి ముచ్చెమటలు పట్టాయి. పనివాళ్ళందర్నీ వంటగదిలో నిలబెట్టి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. మనమెవరమూ ఏమీ చూడలేదు. అర్థమైందా?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని అడగకముందే భుజాలు తడుముకోవడమంటే అదే.

మాస్టారి భార్యకి కావలసింది ఒక్క మనిషి. మాస్టారిని హోటలు లోపల చూశానని ఒక్కరు చెబితే చాలు. లేకపోతే ఆయన ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మనిషి కిందే లెక్క, ఇక ఎవరూ వెతకరు. నా గదికి కూడా వచ్చి అడిగింది. "ఆయన చొక్కాలు ఇంకా చిలక్కొయ్యకే ఉన్నాయి. తియ్యమంటారా, ఉంచమంటారా? ఎవరో ఒకరు చెప్పండి" అంది. నేను తల వంచుకుని దుప్పటి కుట్టుకుంటూ పోయాను.

విచారణ రేపటితో అయిపోతుందనగా, నేను దుప్పట్లతో లిఫ్టులో ఉన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి ఎక్కింది. అన్నేళ్ళలో ఎక్కడం అదే మొదలు.

"నాలుగుకి పోనివ్వండి."

మావయ్య అంకెల వైపు తిరిగి పిడి తిప్పాడు. ఆవిడ ఆయన వీపుతో మాట్లాడింది.

"మొహం చూడలేదన్నారు. సరే. ఏమీ విననుకూడా లేదా?"

రెండో అంతస్తు దాటాక లిఫ్టు ఆగిపోయింది. మావయ్యే ఆపాడు. అటు తిరిగే చెప్పాడు. "చూశానమ్మా. తిరిగి చూడలేదు గానీ, ఈ ఇత్తడి రేకులో చూశాను. చొక్కా చేతికి సుద్ద అంటుకుని ఉంది. కళ్ళజోడు ఒకవైపు పగిలింది. మాస్టారే."

"ఏమైనా అన్నారా?"

"దిగేటప్పుడు కూడా మీరే ఉంటారా అండీ, అని అడిగారు. పక్కవాడు కొట్టాడు."

"మీరేమన్నారు?"

"ఉంటానండీ అన్నాను."

"బళ్ళో పిల్లల్ని కూడా అండీ అనే పిలిచేవారు" అంది. ఉన్నట్టుండి, "రోజూ మీ ఎదురుగానే కూర్చున్నాను కదండీ! రోజూ!" అంటూ చేతిసంచితో ఆయన వీపు మీద కొట్టింది. ఒక్క దెబ్బతో ఆగలేదు. మావయ్య కదల్లేదు. నేనూ ఆపలేదు, ఆపాలనిపించలేదు. నాకూ ఆయన మీద అంత కోపం వచ్చింది.

మర్నాడు మావయ్య అధికారి ముందు అంతా చెప్పాడు. మేనేజరు తలుపు దగ్గర నిలబడి గుడ్లురుముతూ ఉంటే, ఆయన వైపు చూస్తూనే చెప్పాడు. ఎక్కించిన వాళ్ళలో గుర్తున్నవాళ్ళ పోలికలన్నీ చెప్పాడు. సాయంత్రమైపోయింది. మాస్టారు హోటలుకి వచ్చారని, ప్రాణంతో బయటికి పోయినట్టు ఎక్కడా ఆధారం లేదని, చనిపోయినట్టే లెక్కని కాగితం మీదికి ఎక్కింది. ఆవిడ మళ్ళీ హోటలుకి రాలేదు. చొక్కాలు తీసేసిందని, మూడు రోజులు ఏడ్చి నాలుగో రోజు నిద్రపోయిందని వాళ్ళ చెల్లెలు చెప్పింది.

మావయ్యని ఇంటికి పంపేశారు. లిఫ్టు కూడా మార్చేశారు. కొత్తదానికి మనిషి అక్కర్లేదు, మీట నొక్కితే అదే పోతుంది. పీడ విరగడైందని అత్తయ్య సంబరపడింది. నేనూ పడ్డాను.

ఆ మరుసటి వారం దుప్పట్లు తీసుకుని హాల్లోకి వస్తే, కొత్త లిఫ్టు పక్కన మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"చెప్పాల్సింది చెప్పేశావు కదా మావయ్యా! ఆవిడ కూడా రావట్లేదు. ఇంకా ఎవరికోసం?"

"ఆవిడకి చెప్పానే" అన్నాడు మెల్లగా. "ఉంటానని మాటిచ్చింది మాస్టారికి కదా."

ఏడుపొచ్చింది. ఆ పూట లిఫ్టు ఎక్కడానికి కాళ్ళు రాక, దుప్పట్లు చంకన పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళాను.