ఆ పిల్లకి అందని బంతి

నేను అంత మంచిదాన్ని కాదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మా అమ్మకి కోపం వస్తే గిన్నె విసిరికొట్టి, పది నిమిషాల్లో తనే వెళ్ళి దాన్ని తెచ్చుకునేది. నేను విసిరే రకం కాదు. మనసులో పెట్టుకుని అదును కోసం చూసే రకం. మా స్కూలు డ్రిల్లు మాస్టారి మీద అలా నాలుగేళ్ళు చూశాను. అదును దొరికింది కూడా, సముద్రం దాటాక, మా ఊళ్ళో ఎవరూ పేరైనా వినని ఒక ఆటలో.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మా నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి మూడు తిప్పులు తిప్పితే పీచు ఊడి వచ్చేసేది. ఆ కొబ్బరి కొట్టు డ్రిల్లు మాస్టారి అన్నగారిది. తొంభైయ్యారు తుఫానుకి పడినవి పడగా మిగిలిన చెట్లు మళ్ళీ కాపుకొచ్చాక, వారానికి రెండు లారీలు అక్కడినుంచి బయల్దేరేవి. లారీకెత్తే రోజున ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం. కాయల రాశి నుంచి లారీ దాకా మనుషులు వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి పక్కవారి చేతిలోకి కాయ వేస్తూ ఉండాలి. ఎవరూ కాయ వైపు చూడరు, చూస్తే పని సాగదు. పక్కవాడి రొమ్ముకి ఎదురుగా, చేతులు వాటంతటవే మూసుకునే చోటికి రావాలి కాయ. ఏడో క్లాసులో ఉండగా నేను ఆ వరసలో చేరాను.

రోజూ కలిసి పనిచేసేవాళ్ళకి తగువులుండవా? తగువున్నవాడు కాయని జానెడు వెనక్కి, పక్కవాడి తుంటి వైపు వేసేవాడు. పరధ్యానంగా చెయ్యి చాపినవాడికి అది అందదు, వేళ్ళకి తగిలి కాలి మీద పడుతుంది. చూసేవాళ్ళకి పడేసినవాడే చేతకానివాడు. "కాయ పట్టుకోవడం రాదేంట్రా బాబూ!" అని అందరూ వాడినే తిట్టేవారు. అది నేను చూసి నేర్చుకున్న మొదటి విద్య.

పదో క్లాసు నాటికి కబడ్డీలో నన్ను పట్టేవాళ్ళు మా స్కూల్లో లేరు. రాష్ట్రం పోటీలకి జట్టు కట్టినప్పుడు డ్రిల్లు మాస్టారే నా పేరు రాశారు. ఆయన అన్నగారి కూతురు, అంటే ఆ కొట్టు యజమాని కూతురు, నా క్లాసే. బాగా పరిగెత్తేది గానీ, జట్టులో చోటు దొరకలేదు. వెళ్ళే ముందురోజు సాయంత్రం ఆ పిల్లే మా ఇంటికి వచ్చి, "రేపు ఎనిమిదింటి బస్సంట. మా బాబాయ్ చెప్పమన్నారు," అని చెప్పి వెళ్ళింది.

ఏడున్నరకే అమ్మా నేనూ కొత్తపేట బస్టాండులో ఉన్నాం. సంచిలో రెండు జతల బట్టలు, డబ్బాలో పెరుగన్నం. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది. ఎవరూ రాలేదు. చివరికి టీ కొట్టాయన జాలిపడి, "మీ స్కూలు పిల్లలా? ఐదింటి బస్సుకే ఎల్లిపోయేరు కదమ్మా. లెక్కకి సరిపోయేరని మాస్టారు చెప్పేరు కూడాను," అన్నాడు. నా చోట్లో ఎవరు వెళ్ళారో వేరే అడగక్కర్లేదు.

మాస్టారు తిరిగొచ్చాక నాన్న నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "చెప్పిన టైముకి రాకపోతే నేనేం చేస్తానయ్యా? ఆటలన్నాక డిసిప్లిను ఉండాలి," అన్నారు. మా నాన్న తలగుడ్డ చంకలో పెట్టుకుని, "ఆయ్, అలాగేనండి," అని వెనక్కి తిరిగాడు. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. బస్సు పోయినందుకు ఒకరోజు ఏడ్చాను. ఆ "ఆయ్" అన్నందుకు మాత్రం ఏడవలేదు, దాచుకున్నాను.

ఆ రోజునుంచి ఆ పిల్లతో నాకు మాటల్లేవు. మా వైపు మాటల్లేకపోవడం అంటే పోట్లాట కాదు, అదో పద్ధతి. ఎదురుపడితే తల తిప్పుకోవాలి, ఏదైనా చెప్పాల్సి వస్తే మూడో మనిషికి చెప్పాలి. ఎందుకు మానేశావని అడగకూడదు, ఎందుకో చెప్పకూడదు. అడిగినవాళ్ళే లోకువైపోతారు. అన్నదమ్ములే ఒక పెరట్లో ఇరవయ్యేళ్ళు అలా బతికేస్తారు. మేం ఒకే క్లాసులో, తర్వాత అమలాపురంలో ఒకే డిగ్రీ కాలేజీలో అలాగే బతికాం.

పంతొమ్మిదేళ్ళు నిండాయో లేదో, అప్పుడు వచ్చింది ఆ ఆట. రగ్బీ, అందులోనూ ఏడుగురు ఆడే రకం. దేశం తరపున ఆడపిల్లల జట్టు కొత్తగా కడుతున్నారట, కబడ్డీ ఆడినవాళ్ళకి పట్టుకోవడం, పడెయ్యడం ముందే వచ్చు కాబట్టి అలాంటివాళ్ళని వెతుకుతున్నారట. కాలేజీలో పేర్లు అడిగారు. ఆ పిల్ల ఇచ్చింది. ఆ పిల్ల ఇచ్చిందని తెలిశాకే నేనూ ఇచ్చాను. నిజం చెబుతున్నాను, ఆట మీద ఆశతో కాదు.

వేరే రాష్ట్రంలో క్యాంపు. బంతి చూడగానే నవ్వొచ్చింది, అచ్చం ఒలిచిన కాయే, కాస్త పెద్దది. దాన్ని ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే వేయాలి. పట్టుకున్నవాళ్ళు పరిగెత్తుకెళ్ళి అవతలి గీత దాటాక నేలకి ఆనించాలి. అందరూ నెల తంటాలు పడి నేర్చుకున్న, చూడకుండా పక్కకి వేసే విద్య నాకు మొదటి రోజే వచ్చేసింది. విదేశం నుంచి వచ్చిన కోచ్ మేడమ్ నోరు తెరిచి చూసింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే లారీల దగ్గర అన్నాను, ఆవిడకి అర్థం కాలేదు. బంతి గుంపులోంచి బయటికి రాగానే అందుకుని మిగతావాళ్ళకి పంచే పని నాకిచ్చింది. ఆ పిల్లని చివర్న, గీత పక్కన పరిగెత్తేచోట పెట్టింది. అంటే ఆ పిల్లకి బంతి అందాలంటే చాలాసార్లు నేనే వేయాలి. దేవుడున్నాడు అనుకున్నాను.

క్యాంపు గదిలో మా ఇద్దరి మంచాల మధ్య ఒక బెంగాలీ పిల్ల మంచం. నేను వచ్చీరాని హిందీలో, "ఫ్యాను కట్టెయ్యమని చెప్పు," అని ఆ అమ్మాయితో అనేదాన్ని. ఆ అమ్మాయి అదే ముక్క మూడడుగుల అవతల ఉన్న మా ఊరి పిల్లకి హిందీలోనే అప్పజెప్పేది. పదిరోజులకి, "మీ ఇద్దరిదీ ఒకే భాష కాదా?" అని అడిగింది. ఇద్దరం చెరో వైపు తిరిగి పడుకున్నాం.

ఆ ఏడాది మూడు దేశాల్లో మూడు పోటీలు. మొదటిది థాయిలాండులో. ప్రాక్టీసులో ఆ పిల్లకి నేను వేసిన బంతులు పువ్వుల్లా చేతిలో పడేవి. మ్యాచ్‌లో, ఆ పిల్ల పూర్తి వేగంతో వస్తున్నప్పుడు, జానెడు వెనక్కి వేశాను. తుంటి వైపు. పరిగెత్తేవాళ్ళు వెనక్కి చెయ్యి తిప్పేసరికి బంతి వేళ్ళకి తగిలి ముందుకి జారింది. అలా జారితే బంతి అవతలి జట్టుకి పోతుంది. చెయ్యి దానంతటదే అలా తిరిగిందని చెప్పచ్చు గానీ, తిరగలేదు. నేనే తిప్పాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"నువ్వు తొందరపడి ముందే పరిగెడుతున్నావు," అని మేడమ్ ఆ పిల్లనే తిట్టింది. తర్వాత మ్యాచ్‌లో ఆ పిల్ల కాస్త ఆగి వచ్చింది. అప్పుడు ఆ పిల్ల చేతులకి జానెడు ముందుగా పోయేలా వేశాను, అదీ అందలేదు. "ఇప్పుడు ఆలస్యం," అని మళ్ళీ తిట్టింది. ఒక్కో తిట్టుకీ నా లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. అన్నీ అలా వేస్తే దొరికిపోనూ! రెండు మంచివి వేసి ఒకటి అలా వేసేదాన్ని, అదీ గీత దగ్గరపడ్డప్పుడు.

రెండోది శ్రీలంకలో. మైదానం నుంచి బసకి వెళ్ళే బస్సులో ఆ పిల్ల వచ్చి నా సీటు పక్కన నిలబడింది. నాలుగేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి, "నా మీద కోపం ఎందుకో చెప్పు, నేనేం చేశానో చెప్పు," అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడా కొబ్బరి చెట్లే. అడిగినవాళ్ళే లోకువ కదా. తన సీటుకి వెళ్ళిపోయింది.

మూడోది మలేషియాలో. ఆ ఏడాదంతా మేం ఓడుతూనే వచ్చాం, కొత్త జట్టు కదా. చివరి మ్యాచ్ మాత్రం చేతిదాకా వచ్చింది. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం, ఒక్కసారి గీత దాటితే ఐదు. అర నిమిషం ఉంది. బంతి నా చేతికొచ్చింది. ఆ పిల్ల ముందు ఒక్క మనిషి లేదు, ఖాళీ పచ్చిక. "ఇయ్యవే!" అని తెలుగులో అరిచింది. ఏడాదిగా ఆడినవాళ్ళందరూ నా కళ్ళకి కనబడ్డారు, బెంగాలీ పిల్లతో సహా. మా నాన్న తలగుడ్డ కూడా కనబడింది. తుంటి వైపు వేశాను.

బంతి జారిపోయింది, విజిల్ పడింది. అందరూ మైదానం మీద కూలబడి ఏడ్చారు. నేనూ మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను, నవ్వు కనబడకూడదని.

నెల తిరక్కుండా తర్వాతి ఏడాదికి పేర్లు వచ్చాయి. నా పేరుంది, ఆ పిల్ల పేరు లేదు. ఇక్కడితో ఆగిపోతే బాగుండును గానీ, మాస్టారు ఆగలేదు. మ్యాచ్‌ల సీడీలు తెప్పించారు. "మా పిల్లకి అన్యాయం జరిగింది. అందరూ వచ్చి కళ్ళారా చూడండి," అని ఒక ఆదివారం మధ్యాహ్నం వీధి వీధంతా పిలిచారు. అన్యాయం! ఆ మాట ఆయన నోట వినడానికైనా వెళ్ళాలనిపించింది. వెళ్ళాను. వరండాలో టీవీ పెట్టారు. పెద్దవాళ్ళకి కుర్చీలు, మిగతావాళ్ళకి చాపలు. కొట్లో పని ఆపించి పనివాళ్ళని కూడా రమ్మన్నారు. మా నాన్న చెప్పులు మెట్ల కింద విడిచి, స్తంభం పక్కన నిలబడ్డాడు.

సీడీ తిరుగుతోంది. ఆ పిల్ల బంతి వదిలేసింది. మళ్ళీ వదిలేసింది. చాపల మీదివాళ్ళు మొదట "అయ్యయ్యో" అన్నారు, తర్వాత మూతులకి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మలేషియా మ్యాచ్ వచ్చేసరికి మాస్టారి మొహం మాడిపోయింది. చివరి బంతి జారగానే లేచి, అందరి ముందూ ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు.

"చేతులేనా అవి? చేతికిచ్చింది కూడా పట్టుకోలేవా? మా పరువు తీసేవు కదే!"

ఆ పిల్ల తల దించుకుంది. నాకు కడుపు నిండా పాయసం తిన్నట్టుంది.

"తప్పు అమ్మాయిగారిది కాదండి," అన్నాడు మా నాన్న.

అందరూ వెనక్కి తిరిగారు. ఆ ఇంట్లో ఆయన ఎవరూ అడక్కుండా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. "మా పిల్ల కావాలనే ఎనక్కేసిందండి. మిగతావోళ్ళకి ఏసినప్పుడు చెయ్యి తిన్నగా ఎల్లింది, అమ్మాయిగారికి ఏసినప్పుడు ఆఖర్న లోపలికి తిప్పింది. ముప్పయ్యేళ్ళనుంచి కాయలేత్తన్నానండి, నాకు తెలీదా? దాని తరపున నేను క్షమాపణ అడుగుతున్నాను," అని చేతులు జోడించాడు.

ఎవరికోసం ఇదంతా చేశానో ఆయనే నన్ను తీసుకెళ్ళి వాళ్ళ కాళ్ళ దగ్గర పడేశాడు. నాకు పిచ్చెక్కింది. లేచి నిలబడ్డాను.

"ఆయ్, కావాలనే వేశానండి. మా నాన్న చెప్పేశాడు కదా, ఇప్పుడు మీరు చెప్పండి. ఆ రోజు బస్సు సంగతి చెప్పండి, అందరూ వింటారు!"

మాస్టారు నా వైపు చూశారు. "ఏ బస్సమ్మా?"

అబద్ధమాడుతుంటే ఆ మొహంలో పట్టుకుందామని వెతికాను. అక్కడేమీ లేదు. నిజంగానే మర్చిపోయారు. అన్నగారి వైపు తిరిగి, "ఏ బస్సు గురించి అంటోంది?" అని అడిగారు కూడా.

"కబడ్డీకి వెళ్ళిన బస్సు బాబాయ్," అంది ఆ పిల్ల. తల ఎత్తలేదు. "ఎనిమిదింటికి అని వీళ్ళింట్లో చెప్పి రమ్మన్నావు. నేనూ ఎనిమిదే అనుకున్నాను. తెల్లారకుండా నువ్వే లేపి, ఆ అమ్మాయి రానందిట, నువ్వు పద అని ఎక్కించేవు. రానందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను." అప్పుడు నా వైపు చూసింది. "నువ్వు మాట్లాడ్డం మానేశావు కదా, అడగడానికి లేకపోయింది."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, గుర్తొచ్చినట్టు తల ఊపారు.

"ఓ, అదా!" అని నవ్వారు.

కొట్టాల్సిన మనిషి నా ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. ఏడాదిపాటు మూడు దేశాలు తిరిగి నేను కొట్టింది మాత్రం ఆ పిల్లని.