పెద్దమ్మ వరానికి గడి లేదు

పోయిన నెల మొదటి శనివారం పొద్దున పెద్దమ్మ పోయింది. మద్రాసు జార్జి టౌన్‌లో నేను పనిచేసే గోడౌన్‌కి ఫోను వచ్చేసరికి లారీ మీది మూటలు దించుతున్నారు. "సెక్రెట్రీ అన్నా, పెద్దమ్మ ఇక లేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకి ఒరిగింది" అని ఆమె పక్కింటి సహోదరి చెప్పింది. నేను గేటు దాకా వచ్చి కాసేపు నిలబడి, రాయపురం బస్సు ఎక్కాను.

మధ్యాహ్నానికల్లా వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫోటో కింద 'మౌన సేవకురాలు' అని వేశారు. మంచి మనసుతోనే రాయించి ఉంటారు. కాని పదిహేనేళ్ళు ఎరిగినవాడిగా చెబుతున్నాను, పెద్దమ్మ మౌనంగా ఉన్న రోజు నేను చూడలేదు. పోయిన మనిషి లేచి కాదనలేదు గదా అని ఇట్లాంటి మాటలు రాసేస్తే ఊరుకోబుద్ధి కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె నాకు రక్తసంబంధి కాదు. మా క్రైస్తవ సంఘంలో అందరికీ పెద్దమ్మే. వాళ్ళ తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన కుటుంబం. హార్బరు దగ్గర ఎండు చేపలు అమ్మేది. మా సంఘం కూడుకునేది వలలు బాగుచేసే షెడ్డు మీద ఒక మేడ గదిలో. మాలో సగం మంది బోట్ల మీద పనికి వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు నాలాగా గోడౌన్లలో చేరినవాళ్ళు. నేను కందుకూరు దగ్గర పల్లెలో పదో తరగతి చదివి వచ్చాను. చేతిరాత బాగుందని సంఘానికి సెక్రటరీని చేశారు. మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

పెద్దమ్మ చేసే పని ఒకటుంది. మా వీధుల్లో తెలుగువాళ్ళు ఎవరు పోయినా వెళ్ళి శవాన్ని కడిగేది. ఆడవాళ్ళని ఆడవాళ్ళు, మగవాళ్ళని మగవాళ్ళు కడగడం ఆచారం. కాని జబ్బు ముదిరి పోయినవాడినో, తాగి తాగి పోయినవాడినో ముట్టడానికి మగవాళ్ళు వెనకాడితే, నడుముకి పంచె కప్పి ఆమే కడిగేది. చన్నీళ్ళు పోయనిచ్చేది కాదు, గోరువెచ్చగా ఉండాలి. శవంతో మాట్లాడుతూ కడిగేది. "చెయ్యి ఎత్తు నాయనా. అట్టా. అయిపోయింది, ఇంక అయిపోయింది." చెవుల వెనక తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేది. "ఆడ అమ్మ తప్ప ఎవురూ కడగరు" అనేది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ ఇంట్లోనే, ఆ ఇంటి గ్లాసులోనే టీ అడిగి తాగేది. బయట అంగడి నుంచి పేపరు కప్పులో తెస్తే తాగేది కాదు. చావు జరిగిన ఇల్లు అంటు కాదని పదిమందికీ కనబడాలని ఆమె పట్టుదల. ఈ పని ఎట్లా మొదలయిందని ఒకసారి అడిగాను. "ఎవురో ఒకరు చెయ్యాల గదా పా" అంది.

నాలుగేళ్ళ కిందట మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, గుంటూరు వైపు ఏదో శిక్షణకి వెళ్ళి ఒక అచ్చు కాగితం తెచ్చారు. 'నీ వరం తెలుసుకో, నీ పరిచర్యలో నిలబడు' అని పైన రాసి ఉంది. కింద గడులు. బోధ, పాట, ప్రార్థన, స్వస్థత, ఆతిథ్యం, ఇట్లా. ఎవరికి ఏ వరం ఉందో టిక్కు పెడితే దాన్ని బట్టి అందరినీ బృందాలుగా వేస్తామన్నారు. దేవుడు ప్రతి మనిషికీ ఏదో ఒకటి ఇచ్చాడు, ఉత్తచేతులతో ఎవర్నీ పంపలేదు అని ఆ రోజు ఆయన చెప్పిన ప్రసంగం బాగుంది. ఇప్పటికీ నేను దాన్ని నమ్ముతాను.

చదువు రానివాళ్ళ కాగితాలు నేను నింపాను. పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఒక్కొక్క గడీ చదివి వినిపించాను.

"పాట?"

"నా గొంతు చేపలమ్మే గొంతు. ఒద్దు."

"ప్రార్థన?"

"అందరూ చేసేదే గదా. అది వరమేంది?"

"మరి ఏది పెట్టమంటావు పెద్దమ్మా?"

"చచ్చినోళ్ళని కడగడం అని పెట్టు."

"దానికి గడి లేదు."

ఆమె కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "పెన్ను నీ చేతిలోనే ఉండాది గదా సెక్రెట్రీ. గడి లేకపోతే గడి గీయి."

అడుగున ఒక గడి గీసి, ఆమె చెప్పింది రాసి, టిక్కు పెట్టాను. రెండు వారాల తర్వాత పేర్లు చదివారు. పెద్దమ్మ పేరు చివర్న 'ఇతరములు' కింద వచ్చింది. ఇతరములు అంటే కుర్చీలు వేయడం, చెప్పులు సర్దడం. ఆమె వెంటనే లేచి, "సరే. బల్ల పనిలో నా పేరు రాయండి. రొట్టె చేస్తా" అంది.

తెలియనివారి కోసం చెబుతాను. నెల మొదటి ఆదివారం మేము ప్రభువు బల్లలో, అంటే క్రీస్తు కడపటి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడంలో, పాలుపంచుకుంటాము. దానికి రొట్టె కొనము. ముందు రోజు సాయంత్రం ఆరుగురు సహోదరీలు సంఘం వంటగదిలో పిండి పులియనివ్వకుండా కాలుస్తారు. ఆ పెనం మరి దేనికీ వాడరు. ఆ ఆరుగురి మీదా పెద్ద మా టీచరమ్మ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. నిష్ఠ గల మనిషి, అది కాదనను.

కమిటీ కూర్చుంది. పెద్దమ్మని పిలిచారు.

"నీ మీద గౌరవం లేక కాదు పెద్దమ్మా," అంది టీచరమ్మ. "శవాలు కడిగే చేతులు. బల్లకి ఒక శుద్ధి అనేది ఉంటుంది కదండీ."

"బల్ల ఎవురిది టీచరమ్మా?"

"ప్రభువుది."

"ఆయన చచ్చిపోయినప్పుడు సిలువ మీంచి దించి గుడ్డలో చుట్టినోళ్ళు ఉండారు గదా. వాళ్ళు ఈడికొస్తే వాళ్ళకీ ఇదే చెప్తారా?"

అయ్యగారు మధ్యేమార్గం అన్నారు. మృతదేహాలను ముట్టేవారు బల్ల పనిలో ఉండరాదు, సహోదరి ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. నేను తీర్మానం రాసి, చివర 'సహోదరి సమ్మతించినది' అని చేర్చాను. అది అలవాటుగా రాసే మాట. పెద్దమ్మ చదవమంది. చదివాను.

"నేను సరే అన్నానా?"

"అనలేదు."

"మరి కొట్టెయ్యి."

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన కిందికి చూశారు. నేను కొట్టేయలేదు. పెద్దమ్మ నన్ను ఏమీ అనకుండా మెట్లు దిగిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాత నెల బల్ల ఆదివారం ఆమె వచ్చి ముందు వరసలో కూర్చుంది. రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కామెకి అందించింది. ఆ నెలా, పై నెలా, ఏడాదిన్నర పాటు అంతే. సంఘంలో ఇది చిన్న సంగతి కాదు. విశ్వాసంలో జారిపోయిందన్నారు, మొండిదన్నారు. అయ్యగారు ఇంటికి వెళ్ళి బతిమాలారు. "నా చెయ్యి పనికిరాని బల్లకి నా నోరు మాత్రం ఎట్టా పనికొస్తాదయ్యా?" అందట. అట్లాగని సంఘం మానలేదు. వేరే సంఘానికి పోవచ్చు గదా అని నేనే ఒకసారి అన్నాను. "ఇది నా ఇల్లు. నేనెందుకు పోతా?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ రొట్టె ఆమెకి ఎంత కావాలో నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాదిన్నరలో ఆమె ఇంకో పని చేసింది, మాకు తెలియదు. రొట్టె చేసే ఆరుగురినీ ఒక్కొక్కరినే శవాల దగ్గరికి తీసుకుపోయింది. మొదట "ఊరికే చెంబు పట్టుకుంటే చాలు" అనేది. తర్వాత "ఈ కాలు నువ్వు తుడువు" అనేది. భయపడినవాళ్ళతో, "బతికినోడికి భయపడాల గాని వీడేం చేస్తాడు? రేపు నేను పోతే ఎవురు కడగతారు, మీ టీచరమ్మా?" అనేదట.

సంఘంలోని స్త్రీల సమాజం ఏడాది మీటింగులో, అయ్యగారూ నేనూ కూడా ఉండగా, టీచరమ్మ బల్ల పని వంతులు చదువుతూ, "నియమం అందరికీ గుర్తుంది కదా" అంది. ఆ ఆరుగురిలో ఒకామె, బోటు మేస్త్రీ భార్య, లేచింది.

"అట్టయితే నా పేరు తీసేయండి టీచరమ్మా. నేను ముగ్గురిని కడిగినా."

టీచరమ్మకి అర్థం కాలేదు. ఈలోగా ఇంకొకరు లేచారు. తర్వాత మరొకరు. ఐదుగురు లేచాక ఆరో మనిషి వంతు వచ్చింది. ఆరో మనిషి అయ్యగారి భార్య, మా అమ్మగారు. ఆమె కొంగు సర్దుకుని మెల్లగా లేచింది.

అయ్యగారు, "నువ్వెప్పుడు?" అన్నారు.

"మీరు కన్వెన్షన్‌కి వెళ్ళినప్పుడండీ. రెండుసార్లు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే, "ఇంక మిగిలింది మీరొక్కరే టీచరమ్మా. ఇంతమందికి ఒక్కరే కాలుస్తారా, చేతులు నొప్పిపెడతాయి" అంది.

అయ్యగారు నన్ను మినిట్స్ పుస్తకం తెమ్మని, ఆ తీర్మానం కొట్టేయించారు. చివర ఉన్న 'సహోదరి సమ్మతించినది' అన్న మాటని ఆయన చెప్పకముందే నేను కొట్టేశాను. ఆ పేజీలో పెద్దమ్మ అనని మాటని అన్నట్టు రాసినవాడిని నేనే. ఇది మీకందరికీ తెలియాలి.

ఆ నెల ఆమె రొట్టె చేసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిజం చెప్పాలంటే ఆ రొట్టె బాగాలేదు. చెక్కలాగా ఉంది. అది నమిలేలోపు ముగింపు పాట కూడా అయిపోయింది. రెండో నెలా అంతే. మూడో నెల తనే మానుకుంది. నేను తిక్కగా, "ఇంత పోరాడింది మూడు నెలలకేనా?" అన్నాను.

"నాకు రొట్టె రాదు పా. రానిది రాదు. ఒద్దన్నారని ఊరుకోవడం వేరే, రాదని మానుకోవడం వేరే. రెండూ కలపొద్దు."

అప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను, వరాల మీద ఇంత సూటిగా చెప్పినవారు లేరు. మనిషికి తన చోటు ఏదో తెలియాలంటే ముందు అన్ని తలుపులూ తెరిచి ఉండాలి. లోపలికి పోయి, ఇది నాది కాదు అని తనే బయటికి రావాలి. బయట నిలబెట్టి, నీ చోటు ఇదేనని చెబితే అది వరం కాదు, తాళం. మా సంఘంలో ఆ తాళాన్ని శుద్ధి అన్నారు. మా పల్లెలో కూడా దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. మా తాత బావి దగ్గర కడవ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అది వదిలించుకోవడానికే ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. మేము దాన్ని మూటగట్టి మద్రాసు దాకా మోసుకొచ్చాము. పెద్దమ్మ దాన్ని విప్పి చూపించింది. ఆమెను మౌన సేవకురాలు అంటే నేను ఒప్పుకోను.

ఆ శనివారం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. లోపల రొట్టె చేసే ఆరుగురూ చేరి నీళ్ళు కాస్తున్నారు. టీచరమ్మ వచ్చి గడప బయట నిలబడింది. తీర్మానం కొట్టేసినా ఆమె మనసు మారలేదు. రొట్టె చేయడానికి వస్తుండేది గాని శవం దగ్గరికి ఎన్నడూ పోలేదు. ఇప్పుడూ లోపలికి పోలేదు, వెనక్కీ పోలేదు. అమ్మగారు తలుపు ఓరగా తీసి, "చెంబు పట్టుకోవడానికి ఒకరు తక్కువయ్యారు టీచరమ్మా" అంది. లోపల ఆరుగురున్నారు, చెంబు పట్టుకోవడానికి ఎవరూ తక్కువ కాలేదు. టీచరమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నీళ్ళ చప్పుడు, మెల్లగా ఆడవాళ్ళ మాటలు బయటికి వినిపించాయి. ఆమె బయటికి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

నాలుగింటికి సమాధుల తోటకి తీసుకుపోయాము. మట్టి వేసి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మర్నాడు బల్ల ఆదివారం. రొట్టె సంగతి ఏం చేస్తారో కనుక్కుందామని మేడ మెట్లెక్కాను. వంటగదిలో పొయ్యి వెలిగించి ఉంది. గోడకి ఆనుకుని ఆరుగురు కూర్చున్నారు, ఏడుపులు అయిపోయిన ముఖాలు. మధ్యలో పళ్ళెం ముందు టీచరమ్మ. తడి కుచ్చిళ్ళు అట్లాగే ఉన్నాయి. తన రెండు చేతులూ ఒకసారి తిప్పి చూసుకుంది. పిండిలో పెట్టింది. మణికట్ల దాకా తెల్లగా, పిసుకుతూనే ఉంది.