సుబేదారు జిలానీ పప్పు పోరాటం

ఆత్మకూరు జిలానీ మీసం మొలిచీ మొలవకముందే సైన్యంలో చేరి, ఆ మీసం నెరిశాక సుబేదారుగా బయటికొచ్చాడు. యుద్ధం మాత్రం చూడలేదు. సరుకుల విభాగంలో ఆయనకు ఎదురుపడ్డ శత్రువులల్లా మొలకలెత్తిన ఉల్లిగడ్డలూ, తడిసిన పిండి బస్తాలూ. ఇంటికొచ్చి భార్య పర్వీన్ చేత కూడా కవాతు చేయించబోతే, "నువ్వు యాడన్నా పని చూసుకో సామీ, నేను పడలేను" అని దండం పెట్టింది. అలా రియాద్‌లో ఒక కంపెనీకి డ్రైవరయ్యాడు.

పనివాళ్లుండే కంపెనీ క్యాంపు మెస్సులో పూటపూటకూ పప్పే. అందులో పప్పు ఎక్కడుందో గరిటె పెట్టి వెతుక్కోవాలి. గదుల్లో వండుకుందామంటే క్యాంపు బాసు అబ్దుల్ ఘనీ కరెంటు పొయ్యిలన్నీ పట్టుకెళ్లి తాళం వేశాడు.

జిలానీ నడిపే కారు నార్వే ఇంజినీరు సిగుర్డ్‌ది. ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆయన తన తాత కథ చెప్పాడు. జర్మన్లు దేశాన్ని ఆక్రమిస్తే ఆ తాత చాటుగా ఉండి పోరాడాడట, తర్వాత సైన్యంలో అధికారి అయ్యాడట. ఆ రోజుల్లో జనం మేమంతా ఒక్కటే అని చెప్పడానికి కోటుకు పేపర్ క్లిప్పు పెట్టుకునేవారట. ఆ కథ వింటూ జిలానీ మలుపు మరిచిపోయి దమ్మాం రోడ్డెక్కేశాడు. 'రేపు నా మనవడు నా గురించి ఏం చెప్పుకుంటాడు? ఉల్లిగడ్డలు ఏరినాడనా?' అని మనసు చివుక్కుమంది.

శుక్రవారం బతా బజారుకు పోయి క్లిప్పుల డబ్బా కొనుక్కొచ్చాడు. మొదటిది గదిలో తనతో ఉండే కరీంనగర్ మేస్త్రీ మొండయ్య కాలరుకు తగిలించాడు.

"ఇదేందన్నా?"

"ఉద్యమం."

"దేని మీద?"

"పప్పు మీద."

"గట్లయితే ఇంకోటి పెట్టు. నాకు రెండు పూటలా కోపమే."

రెండు రోజుల్లో క్యాంపంతా క్లిప్పులే. ఘనీ మొండయ్యను ఆపి, "ఏందయా ఇవి?" అని గద్దించాడు. మొండయ్య తడుముకోకుండా, "సేఫ్టీ సార్. కొత్త రూలంట" అనేశాడు. హెడ్డాఫీసు మెయిలేదో తాను చూసుకోలేదనుకున్నాడు ఘనీ. మరునాడు అందరికంటే పెద్ద క్లిప్పు, అదీ ఎర్రది, పెట్టుకొచ్చాడు. అది చూసిన జిలానీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వారమే పెద్ద మేనేజరు, సిగుర్డ్‌ను వెంటబెట్టుకుని క్యాంపు చూడ్డానికొచ్చాడు. ఇంతమంది కాలర్లు చూసి సిగుర్డ్ పకపకా నవ్వాడు. "మా దేశంలో దీనర్థం ఎదురుతిరిగామని!"

మేనేజరు ఘనీ ఎర్ర క్లిప్పు వైపు చూశాడు. "దేని మీద ఎదురుతిరిగారు?"

ఘనీ మొండయ్య వైపు తిరిగాడు. జిలానీ ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. "పప్పు, సార్."

మేనేజరు మెస్సులోకెళ్లి ఒక చెంచా నోట్లో పోసుకున్నాడు. రెండోది పోసుకోలేదు. బయటికొచ్చి, "పనివాళ్ల పక్షాన నిలబడ్డావు, మంచి పని చేశావు" అని ఘనీ భుజం తట్టి, అందరూ వండుకోవడానికి ఒక వంటగది ఏర్పాటు చేయించమన్నాడు.

పోరాటం చేసింది తనేనని ఘనీ ఈనాటికీ చెప్పుకుంటాడు. జిలానీ కాదనడు. కొత్త వంటగదిలో మొదటి శుక్రవారం గోంగూర మాంసం దించి మూత తీశాడో లేదో, ఘనీ అందరినీ తోసుకుంటూ ప్లేటు పట్టుకొచ్చాడు.

"వెనక్కి పో ఘనీ భాయ్, లైన్లో రా" అన్నాడు సుబేదారు. ఆ గొంతుకు ఘనీతో పాటు మొండయ్యా, మిగతా క్యాంపంతా టక్కున వరసలో నిలబడింది.