మేయర్ తొట్టిలోకి కొత్తవాళ్లు

మా తమ్ముడు ఓతకర్‌కి మాటలు తక్కువ. జుట్టు నెరిసేదాకా ఓస్ట్రావా ఊళ్లో ట్రాము నడిపాడు. డ్రైవరుతో మాట్లాడరాదని ట్రాములో బోర్డు ఉంటుంది కదా, దాన్ని ఇంటికొచ్చాక కూడా మెడలో వేసుకునే తిరిగేవాడు. పెళ్లాం హెలెనా పోయాక ఆ ఉన్న నాలుగు మాటలూ చేపలపాలయ్యాయి. నాకా, నోరెక్కువ. ఒకే కడుపున ఇద్దరం ఎలా పుట్టామా అని మా అమ్మే ఆశ్చర్యపోయేది.

నా మొగుడు పోయిన ఏడు, ఒక్కదాన్నే ఎందుకులే, చలికాలం వీడి ఫ్లాట్లో గడుపుదామని వెళ్లాను. వంటింట్లో కిటికీ పక్కన కూర్చుంటే "అది నా కుర్చీ" అన్నాడు. కోటు తగిలిస్తే "అది నా కొక్కెం" అన్నాడు. కోపంగా కూడా కాదు, స్టాపు పేరు చెప్పినట్టు చెప్పేవాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాక, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకిచ్చే గళ్ల చెప్పులు ఉంటాయి చూడండి, చలికాలమంతా నేను అవే తొడుక్కు తిరిగాను. సొంత అక్కని! మంచు కరగకముందే పెట్టె సర్దుకున్నాను.

"వెళ్తావా?" అన్నాడు.

"ఉండమంటావా?" అన్నాను.

చేపలకి మేత వేసే వేళయిందని లోపలికి పోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకి నేను మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆస్పత్రిలో రోగుల్ని ఇంటికి పంపే వ్యవహారాలు చూసే అమ్మాయి మెత్తగానే చెప్పింది, ఇంట్లో తోడు ఎవరైనా ఉండాలి, లేకపోతే వృద్ధాశ్రమంలో చోటు చూస్తామని. ఆ వృద్ధాశ్రమం నాకు తెలుసు. మా ఆయన అక్క అక్కడే పోయింది, చివరికి గోడకేసి తిరిగి పడుకునేది. నాకున్నది ఓతకర్ ఒక్కడే. వాడు "మా ఇంటికి రా" అంటే చాలు. నేనుగా అడగను. చచ్చినా అడగను.

ఆదివారం పెంపుడు చేపల సంతయ్యాక ఆస్పత్రికి వచ్చాడు. చేపలకి చలి తగలకుండా కోటు లోపల పెట్టుకున్న సంచీ అలాగే ఉంది.

"ఏరా, అక్క ఎలా ఉందో అడగవా?"

"ఎలా ఉన్నావ్?"

"విరిగి ఉన్నాను."

"ఊఁ. మేయర్ మళ్లీ తిండి మానేశాడు."

మేయరంటే వాడి చేప. సిక్లిడ్ జాతిది. దుకాణాల్లో ఎర్ర దెయ్యం అంటారు, ఊరికే అనరు. హెలెనా కొన్నప్పుడు చిటికెనవేలంత ఉండేది. ఇప్పుడు మూరెడుకి కాస్త తక్కువ, నుదుటి మీద పెద్ద బొడిపె, ముందుగదిలో గోడంత తొట్టికి అదొక్కటే యజమాని. ఒంటరిగా ఉంచితే అద్దాన్ని గుద్దుతుంది, నీళ్ల వేడి చూసే గొట్టాన్ని కొరుకుతుంది. తోడు తెస్తే చంపుతుంది. చురుగ్గా తప్పించుకుంటాయి కదా అని వెండిరంగు చిన్న చేపల్ని వేస్తే తెల్లారేసరికి ఒక్కటీ లేదు. సరే, సొంత జాతిదే, సొంత రంగుదే తెద్దామని తెస్తే, రెండూ నోరూ నోరూ కరుచుకుని వదల్లేదు. మధ్యలో అద్దం దించి విడదీయాల్సొచ్చింది.

"మనిద్దరిలాగన్న మాట," అన్నాను.

వాడు నవ్వలేదు. నా టీ తాగేసి వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. "దొరికారు అక్కా. ఒకడు ఇంచుమించు మేయరంత వాడు, కానీ నల్లటి వాడు, వెడల్పు వాడు. మేయర్ రంగు కాదు, మేయర్ ఆకారం కాదు, అంచేత మేయర్‌కి అంత పంతం రాదు. ఇంకొకడు ఒంటినిండా పెంకులున్న పెద్ద జెల్ల. అడుగున దుంగ కింద పడుంటాడు. ఎవరేమన్నా పట్టించుకోడు."

"చాల్లే, నా తుంటి కంటే..."

"కానీ ఎంచుకోవడం సగం పనే." వాడు నా మాట వినే స్థితిలో లేడు. "తొట్టిలో ప్రతి రాయీ మేయర్‌దే. కొత్తవాళ్లు ఎటు తిరిగినా వాడింట్లో దూరినట్టే కదా. అందుకని ముందు వాణ్ని బయటికి తీసి బకెట్లో ఉంచాను. రాళ్లన్నీ మార్చేశాను, ఒక్కటీ పాత చోట ఉంచలేదు. కొత్తవాళ్లని ముందు దింపాను. వాళ్లు చోట్లు చూసుకున్నాక ఆఖర్న వాణ్ని దింపాను."

"మేయర్ ఏమన్నాడు?"

"ఏమంటాడు. ఎక్కడికొచ్చానా అని చూశాడు. తనూ ఒక మూల వెతుక్కున్నాడు."

"అయ్యో పాపం, సొంత ఇంట్లో!"

"పాపమేం లేదు. సాయంత్రానికి తిన్నాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "చేపల మీద ఉన్న ఆలోచన మనుషుల మీద లేదు కదరా నీకు! నేను గోడకేసి తిరిగి పడుకుని చస్తాను, నువ్వు నీ జెల్లకి దుంగలు సర్దుకో, ఫో!" అని అరిచాను. పక్కమంచం ఆవిడ రేడియో ఆపి మరీ వింది.

ఓతకర్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లి, అటు తిరిగే అన్నాడు. "శుక్రవారం నిన్ను మా ఇంటికి తీసుకెళ్లడానికి ఎదురు ఫ్లాటు బ్లాంకా వస్తుంది. నాకు వేరే పనుంది."

రమ్మన్నాడు, సంతోషమే. కానీ అక్క ఆస్పత్రి నుంచి వస్తుంటే వేరే పనట! శుక్రవారం దారంతా బ్లాంకాకి వాణ్ని తిడుతూనే వెళ్లాను. పెట్టె మాత్రం విప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

బ్లాంకా తాళం తీసింది. ఇల్లు ఖాళీ. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

కొక్కేలు ఎడమ గోడ నుంచి కుడి గోడకి వచ్చాయి. కింద, నా పాదం కొలతకి కొత్త ఉన్ని చెప్పులు. వంటింట్లో బల్ల అడ్డం తిరిగింది, బీరువా మూల మారింది, కిటికీ పక్కనుండే ఆ కుర్చీ ఏదో పోల్చుకోలేకపోయాను. హెలెనా బతికుండగా పెట్టిన కుట్టుమిషను కూడా కదిలింది. అది కదులుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"దొంగలు పడ్డారా ఏంటే?" అన్నాను.

"వారమంతా ఇదే మోత," అంది బ్లాంకా. "ఒక్కడే లాగాడు. చప్పుడు ఆపమని కింది ఇంటివాళ్లు హీటరు గొట్టం మీద కొట్టి కొట్టి అలిసిపోయారు. నువ్వు ముందు నీ చోటు చూసుకోవాలట, తను తర్వాత వస్తాడట. పొద్దుటి నుంచీ ట్రాములో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు పిచ్చి మనిషి."

బ్లాంకా వెళ్లాక కొత్త చెప్పులు తొడుక్కున్నాను. నాకు నచ్చిన కొక్కేనికి కోటు తగిలించాను. ఒక కుర్చీని కిటికీ పక్కకి లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి లేచి పెట్టె విప్పాను.

చీకటి పడుతుండగా గంట మోగింది. తాళంచెవి జేబులో ఉన్నవాడు గంట కొట్టడమేంటి! చేతికర్ర పట్టుకుని వెళ్లి తీశాను. ఓతకర్ బయట, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రావచ్చా?"

"నీ ఇల్లే కదరా వెధవా!"

బూట్లు విప్పాడు. గళ్ల చెప్పులు వెతికి తొడుక్కున్నాడు. కోటు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూసి, అడిగాడు.

"అక్కా, ఇదెక్కడ తగిలించను?"

ఇంత నోరున్నదాన్ని, ఏడ్చేశాను. ఏడుస్తూనే, నా కోటు పక్కనున్న కొక్కెం చూపించాను.