ఇంటి ఆవాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న విత్తన పరిశోధన కేంద్రంలో నేను ప్రొటీన్ ల్యాబ్ చూసేదాన్ని. నూనె తీశాక మిగిలే ఆవపిండిలో ప్రొటీన్ బాగా ఉంటుంది. కానీ అందులో ఆల్బ్యుమిన్ అనే రకం ఒకటి మొండిఘటం. ఉడికించినా చావదు, కడుపులోనూ సరిగా అరగదు. కొందరికి దానితోనే అలర్జీ వస్తుంది. అది తక్కువగా ఉండే ఆవమొక్కను తయారు చేయడమే మా పని. మా ఇంట్లో నన్ను ఆవగింజల డాక్టరమ్మ అని ఆటపట్టించేవారు.

గింజలు పొడి చేసే పని యాదమ్మది. శేరిగూడ నుంచి వచ్చేది. వాళ్ళ వాడకట్టులో ఎవరింట్లో మామిడికాయ తొక్కు పెట్టినా కలపడానికి ఆమెనే పిలిచేవారు. ఆమె చెయ్యి పడితే బూజు రాదని నమ్మకం. "మీ మిషిన్ ఖరాబైతే చెప్పు మేడం, నా చెయ్యి ఖరాబ్ గాదు" అని నవ్వేది.

ఆ ఏడు పొడి చేస్తుంటే ఆమెకు దద్దుర్లు, పిల్లికూతలు మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే ఆవాల అలర్జీ అని తేలింది. వెంటనే టమాటా నారు పనికి మార్పించాను.

"అక్కా, ఇంక ఆవాలు ముట్టకు, తినకు. పానం మీదికొస్తది" అన్నాను.

"అవ్ మేడం. మీ ఆవాలు జన్మల ముట్ట."

"మావే గాదు, ఏ ఆవాలైనా."

"గదెట్ల? ఇంటియి చిన్నప్పటిసంది తింటున్న. మీరు ప్రొటీన్లు మార్చినయే నాకు పడ్తలేవు. అయినా దవాఖానల ప్రొటీన్ తినుమనే చెప్తరు గదా!"

మేము తగ్గించాలని చూస్తున్నదే ఇంటి ఆవాల్లో నిండుగా ఉంటుందని, ఇన్నాళ్ళూ పడినా ఆ పొడి పీల్చీ పీల్చీ ఇప్పుడు ఒంటికి పడటం లేదని చెప్పాను. డాక్టరూ చెప్పాడు. తలూపింది కానీ నమ్మలేదు. ల్యాబ్‌ది మందు, ఇంటిది తిండి. ఆమె లెక్క అంతే.

మామిడికాయలు దిగాయి. పక్కింటివాళ్ళు పిలిస్తే కాదనలేక వెళ్ళింది. మోచేతుల దాకా ఆవపొడి పూసుకుని తొక్కు కలిపింది. జాడీలకు ఎత్తాక, ఎప్పటిలాగే బేసిన్‌కు అంటినదాంట్లో వేడన్నం వేసి అందరికీ ముద్దలు పెట్టి, ఆఖరున తానూ ఒక ముద్ద తిన్నది. ముఖం ఉబ్బింది, గొంతు మూసుకుపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

దినాలైపోయాక ఆమె కూతురు మంజుల మా గేటు దగ్గరికి వచ్చింది.

"మా అమ్మ పట్టిన గింజలల్ల ఏం కలిపిన్రు మేడం?"

"ఏం కలపలే బిడ్డా. అది ఆవాలల్ల పుట్టుకతోనే ఉంటది. దాన్ని తీసేద్దామనే మేం చూస్తున్నం."

"మరి తీసేస్తిరా?"

"ఇంకా లేదు."

ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తిడితే బాగుండుననిపించింది. లోపలికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు మా దగ్గర ఎవరు కొత్తగా పనికి చేరినా ఇంటి నుంచి పోపుడబ్బా తెమ్మంటాను. అందులోని ఆవాలు బల్లమీద పోసి, పక్కనే ల్యాబ్ ఆవాలు పోస్తాను. "ముందుగాల వీటికి భయపడున్రి" అని ఇంటివాటినే చూపిస్తాను.