గడ్డికి రెండో కోటింగు

రంగుల మేస్త్రి భార్య మాట్లాడటం మానేసిందంటే పేటలో ఎవరూ నమ్మలేదు. నమ్మరు మరి! ఆ ఇంట్లో మాటల పద్దంతా ఆవిడదే. మేస్త్రి గోడలతో కాపురం చేసి చేసి గోడలాగే తయారైనవాడు. పొద్దున్న లేచింది మొదలు ఆవిడ అంటూ ఉండేది, ఆయన పడుతూ ఉండేవాడు. "నీ నోరు పడిపోను" అని ఒకసారి విసుక్కున్నాడు కూడా. ఇప్పుడు ఆ మాట తలుచుకుని చెంపలు వాయించుకుంటున్నాడు.

ఆవిడకు గుండె ఆపరేషను అయింది. "మా పని మేం చేశాం, అంతా బాగుంది. ఇక ఆవిడ పుంజుకోవాలి" అన్నాడు డాక్టరు. ఆవిడేమో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటుంది. తిన్నావా అంటే ఊ. నొప్పిగా ఉందా అంటే ఊహూ. బతకాలన్న ఆశే వదిలేసుకుందేమోనని మేస్త్రి హడలిపోయాడు. అడుగుదామంటే, అవునంటుందేమోనని ఇంకో భయం.

ఆసుపత్రిలో తోడున్న ఆవిడ అక్కగారు మేస్త్రిని వరండాలోకి పిలిచింది. "మరిదీ, దానికి మీ ఇంటి ముందు గడ్డి అంటే ప్రాణం. ఇంటికొచ్చేసరికి అది కళకళలాడుతుంటే మళ్ళీ మనుషుల్లో పడుతుంది. ఆ పని చూడు" అంది.

ఆ గడ్డి ఎంతనుకున్నారు? నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. ఆవిడ ఎక్కడెక్కడి నుంచో పిలకలు అడిగి తెచ్చి, వేలితో గుచ్చి నాటి, ఒక్కో కలుపు మొక్కా గోటితో పీకి పెంచింది. మేస్త్రి దాని మీద అడుగు పెట్టాలంటే చెప్పులు విప్పి, అనుమతి పుచ్చుకుని పెట్టాల్సిందే.

ఇంటికెళ్ళి చూస్తే గడ్డి వెలిసిపోయి ఉంది. వెలిసిన గోడను చూసినట్టే చూశాడాయన. తిన్నగా ఎరువుల కొట్టుకు పోయి యూరియా అడిగాడు.

"ఇంత ఎండల్లో ఇప్పుడెందుకు మేస్త్రీ? నాలుగు చినుకులు పడనీ" అన్నాడు కొట్టు యజమాని.

"ఆగలేను బాబూ. మా ఆవిడ ఇంటికొస్తోంది."

"సరే అయితే, పలచగా చల్లి నీళ్ళు పట్టు."

చల్లడం వరకూ బాగానే చల్లాడు. నీళ్ళ దగ్గరే బుర్ర పెడదారి పట్టింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రంగుకు తడి తగలకుండా కాపాడిన మనిషి. వేసింది పట్టకముందే నీళ్ళు కొడితే కడుక్కుపోదూ! ముందు ఆరనిద్దాం అనుకున్నాడు. మర్నాడు చూస్తే రంగు తేలలేదు. రంగు తేలకపోతే ఏం చేయాలో ఆయనకొకరు చెప్పాలా? ఎవరు వద్దన్నా రెండో కోటింగు వేయందే నిచ్చెన దిగని రకం. సంచిలో మిగిలిందంతా చల్లేశాడు, అదీ మిట్టమధ్యాహ్నం, బాగా ఆరుతుందని. ఏం చెప్పమంటారు, ఖర్మ!

గడ్డి మాడింది. ఆయన చెయ్యి ఎటు ఊగితే అటు, చారలు చారలుగా ఎండిపోయింది. అప్పుడు పట్టాడు నీళ్ళు, మంట ఆర్పుతున్నవాడిలా. ఫలితం లేదు. ఆవిడ వచ్చే రోజు వచ్చేసింది. ఆకుపచ్చ రంగు డబ్బా మీద కన్ను పడింది కూడా. మూత తీయబోయి ఆగిపోయాడు. ఆవిడ కళ్ళు కప్పడం దేవుడి తరం కాదు, తనెంత?

ఆసుపత్రి నుంచి తెచ్చిన అద్దె కారును పక్క సందులోకి పోనిచ్చి, ఆవిడను పెరటి గుమ్మంలోంచి లోపలికి తెచ్చాడు. ముందుగదిలో పడుకోబెట్టి కిటికీ తెర లాగేశాడు. "వెలుతురు కళ్ళకు పడదటే" అన్నాడు. ఆవిడ "ఊ" అంది. ఆ పూటంతా మేస్త్రి తెరకూ మంచానికీ మధ్య కాపలా కాశాడు.

మర్నాడు పొద్దున్న ఆయన పాలు కాచి తెచ్చేసరికి, తోడుగా ఇంటికొచ్చిన అక్కగారు "గదంతా చీకటేంటి?" అంటూ తెర పక్కకు లాగేసింది.

భార్య గోడవైపు నుంచి ఇటు తిరిగింది. కిటికీలోంచి చూసింది. చూస్తూనే ఉంది. అయిపోయింది, ఉన్న ఒక్క ఆశనూ నా చేత్తో నేనే తగలబెట్టాననుకున్నాడు మేస్త్రి. గ్లాసులో పాలు ఒలికి చేతి మీద పడ్డా తెలియలేదు.

"నేనేనే" అన్నాడు. "యూరియా వేశా. రెండుసార్లు. నీళ్ళు పట్టలేదు."

"రెండుసార్లా?" ఆవిడ మోచెయ్యి మీద లేవబోయింది. "మండుటెండలో యూరియా ఏమిటయ్యా? వానలు మొదలయ్యాక వెయ్యాలి గానీ! ఆకు పొడిగా ఉన్నప్పుడు, సాయంత్రం పూట, సగం ఇటు నుంచీ సగం అటు నుంచీ చల్లి, అప్పటికప్పుడు తడపాలి. అన్నేళ్ళుగా కళ్ళముందు చేస్తుంటే ఏం చూశావు? గడ్డి తిన్నావా?"

"నెమ్మదే, కుట్లు" అంది అక్కగారు.

"నువ్వుండక్కా! పొద్దున్నా సాయంత్రం నీళ్ళు నిలబెట్టు. ఆ యూరియా ఉప్పంతా కిందికి దిగాలి. చిగురొచ్చేదాకా కత్తెర పెట్టకు, ఎరువు సంచి ముట్టుకోకు. నేను కాస్త మంచాన పడితేనే ఇలా తగలబెట్టావు. నేను పోయుంటే దీనికి దిక్కెవరు?"

మేస్త్రి ఆమె మంచం పక్కన చతికిలబడ్డాడు. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

"గడ్డి సంగతి సరేనే. నాకు దిక్కెవరు?"

ఆవిడ చెయ్యి చాచి, ఆయన చేతి మీది పాలు తన కొంగుతో తుడిచింది.

"నాకు ఆకలేస్తోంది. ఏదైనా చేసి పెట్టు" అంది.